తొంభై రోజుల ప్రశ్న

చిరంజీవి అమ్మలుకు,
మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాల తుది జాబితాలో నీ నంబరు లేదని తెలిసి 12 రోజులైందట. రాత్రి రెండు గంటలకు కూడా నీ గదిలో దీపం వెలుగుతోందట. ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నావట. వచ్చే నెల పెళ్ళికి రానని కూడా అన్నావట. "ఏమీ కాదులే, ఇంకోటి వస్తుంది అని నువ్వైనా చెప్పు అన్నయ్యా" అని అడిగింది. ఆ మాట నేను చెప్పలేను. ఏమీ కాకపోవడమేమిటి? రెండేళ్ళు చదివావు. ప్రిలిమ్స్ దాటావు, మెయిన్స్ దాటావు, ఆఖరి గడప దగ్గర ఆగిపోయావు. బాధ కలగడం సహజం. ఆ బాధ నిన్ను నిద్రపోనివ్వకపోవడం గురించే ఈ ఉత్తరం.

అంతా ఒక్క ప్రశ్న దగ్గర పోయిందని నువ్వు అనుకుంటున్నావని తెలిసింది. అప్పు ఎన్ని రోజులకు మించి బకాయి పడితే నిరర్థక ఆస్తి, అంటే మొండి బాకీ, అవుతుందని ఇంటర్వ్యూ బోర్డులో ఒకాయన అడిగారు. నీకు నోరు పెగల్లేదు. తలుపు దాటి వరండాలోకి రాగానే తొంభై రోజులని గుర్తొచ్చింది. ఫలితం తెలిసినప్పటినుంచి రోజూ రాత్రి మనసులోనే ఆ గదిలోకి వెళ్ళి ఆ జవాబు చెప్పి వస్తున్నావు.

నేను 36 ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను. చివరి కొన్నేళ్ళలో ఇంటర్వ్యూ బోర్డుల్లోనూ కూర్చున్నాను. బల్లకు అటువైపు నుంచి చూసిన సంగతి చెబుతాను, విను. తెలిసిన జవాబు గుర్తు రాక తడబడే పిల్లలు మాకు ప్రతిరోజూ కనిపించేవారు. భయం ముంచుకొస్తే గుండె వేగం పెరుగుతుంది, గొంతు ఎండుతుంది, ఒళ్ళంతా ఆపద నుంచి బయటపడే ప్రయత్నంలో ఉంటుంది. చదివినదాన్ని వెతికి తెచ్చే పని ఆ కాసేపు వెనకబడుతుంది. వరండాలోకి రాగానే నీకు జవాబు తట్టిందంటే, అది నీకు తెలిసిన విషయమేనని అర్థం. బోర్డులో ఉన్నవాళ్ళకు ఇది తెలియనిది కాదు. "ఇప్పుడు గుర్తు రావడం లేదండి" అని నెమ్మదిగా చెప్పి, తర్వాతి ప్రశ్నకు నిటారుగా కూర్చున్నవాళ్ళకు నేను మంచి మార్కులే వేశాను. ఎక్కువ మంది ఆ పని చేయలేకపోయేవారు. పోయిన ప్రశ్నను పట్టుకుని వేలాడుతూ, తర్వాతి నాలుగైదు ప్రశ్నలు సరిగా వినేవారు కాదు. నీ మార్కులు కూడా అక్కడే తగ్గి ఉంటాయని నా అనుమానం. ఇప్పుడు ఇంట్లో నువ్వు చేస్తున్నది కూడా అదే కదమ్మా.

1984లో, ఉద్యోగంలో చేరిన ఏడాది, నాకొక రాత్రి ఎదురైంది. అప్పుడు కంప్యూటర్లు లేవు. సేవింగ్సు లెడ్జర్లలోని నిల్వలన్నీ కూడితే, బ్రాంచి మొత్తం లెక్క ఉండే జనరల్ లెడ్జరుతో కుదరాలి. 90 రూపాయల తేడా వచ్చింది. రాత్రి పదకొండు దాకా ఒకే లెడ్జరును నాలుగుసార్లు కూడి చూశాను. అదే తేడా. ఐదోసారి మొదలుపెడుతుంటే మా మేనేజరుగారు వచ్చి లెడ్జరు మూసేశారు. "తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోతోంది, ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి. నీ కంటికి అది దొరకదు, రాసింది నువ్వే. ఇంటికి వెళ్ళు" అన్నారు. పొద్దున్నే పక్క సీటు గుమాస్తా కాసేపట్లో పట్టుకున్నాడు. 540ని 450 అని రాశాను. నాలుగుసార్లూ దాని మీదుగానే వెళ్ళాను.

బ్యాంకులో రాసినవాడు ఒకడు, సరిచూసేవాడు ఇంకొకడు ఉండాలన్న నియమం ఇప్పటికీ ఉంది. తిరగదోడడం వేరు, సరిచూడడం వేరు. నువ్వు 12 రాత్రులుగా తిరగదోడుతున్నావు. ఎన్నిసార్లు తలచుకున్నా నీకు అదే ప్రశ్న, అదే మౌనం కనిపిస్తున్నాయి. మిగతా ఇరవై నిమిషాలు ఏమయ్యాయో నీకు గుర్తుందా? నువ్వు బాగా చెప్పిన జవాబు ఒక్కటైనా చెప్పగలవా?

అందుకని ఒక నోటుపుస్తకం తీసుకో. పగటిపూట, ఒకే ఒక్కసారి కూర్చుని, గదిలోకి వెళ్ళిన క్షణం నుంచి వాళ్ళు ఏమడిగారో నువ్వేం చెప్పావో వరసగా రాయి. బాగా చెప్పినవీ రాయి. "బీటెక్ చదివి బ్యాంకుకు ఎందుకు?" అని తప్పకుండా అడిగి ఉంటారు, దానికి ఏమన్నావో మాట మార్చకుండా రాయి. పూర్తయ్యాక పుస్తకం మూసి మీ అమ్మ చేతికివ్వు. మళ్ళీ తెరవవద్దు. అది సరిచూసేది నేను.

మనసులోని బాధకు మాత్రం వేరే కాగితాలు కావాలి. ఉద్యోగాలు పోయిన 63 మందితో అమెరికాలో జరిపిన ఒక పరిశోధన 1994లో వెలువడింది. కొందరు రోజుకు 20 నిమిషాల చొప్పున ఐదు రోజులు తమ కోపాన్నీ అవమానాన్నీ ఉన్నదున్నట్టు రాశారు. అలా రాసినవాళ్ళకు మిగతావాళ్ళకన్నా త్వరగా ఉద్యోగాలు దొరికాయి. వాళ్ళు ఎక్కువ తిరిగినందువల్ల కాదట, ఆ విషయం పట్ల వాళ్ళ మనసు మారినందువల్లనట. నువ్వూ ఐదు రోజులు రాసి చూడు. బోర్డు వాళ్ళను తిట్టాలనిపిస్తే తిట్టు, నన్ను తిట్టినా సరే. రాసి చింపెయ్యి.

ఇంకో సంగతి. నీ మార్కులు వెబ్‌సైటులో ఉంచుతారు, చూడడానికి భయపడి చూడలేదట. చూడు. ఇంటర్వ్యూ 100 మార్కులకు జరిగినా తుది లెక్కలో దాని వాటా 20, మెయిన్స్ వాటా 80. ఇంటర్వ్యూలో పది మార్కులు తగ్గితే చివరికి తగ్గేది రెండు. ఆ రెండు మార్కులకే చాలామంది వెనకబడతారు, నేను కాదనను. అయితే ఆ రెండు మార్కులు మెయిన్స్‌లో కూడా సంపాదించుకోవచ్చు. ముప్పై ఏళ్ళ వరకు ఈ పరీక్ష రాయవచ్చు, నీకింకా ఇరవై నాలుగు. క్లర్కు పరీక్షకు ఇంటర్వ్యూ లేదు, అదీ రాయి. ఇంటర్వ్యూకు భయపడి మాత్రం అటు వెళ్ళవద్దు.

రాత్రిపూట ఫోను హాల్లో పెట్టి పడుకో. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీ మానెయ్యి. మెలకువ వచ్చి గుండె దడగా ఉంటే లేచి కూర్చుని నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఎనిమిది లెక్కపెట్టేంతసేపు వదులు. వదిలేది నిదానంగా ఉండాలి, అసలు గుట్టు అక్కడే ఉంది. పది నిమిషాలు అలా చెయ్యి. నేను మొదటి ఇంటర్వ్యూ పోయిన రోజుల్లో ఇవేవీ తెలియక ఆరు నెలలు సరిగా నిద్రపోలేదు. నీకు ఆ అవస్థ రావడం నాకు ఇష్టం లేదు.

ఇవన్నీ చేసినా ఇంకో రెండు వారాల దాకా నిద్ర, ఆకలి కుదుటపడకపోతే టెలిమానస్‌కు ఫోను చెయ్యి. నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ అది, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చినా రెండు వారాలు ఆగవద్దు. వెంటనే వాళ్ళకు చెయ్యి, నాకూ చెయ్యి. ఎంత అర్ధరాత్రయినా నేను ఫోను తీస్తాను. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే నేనే వెంట వస్తాను.

పెళ్ళి సంగతి. అక్కడ అందరూ అడుగుతారు, అడగరని నీకు అబద్ధం చెప్పను. "ఈసారి రాలేదండి, మళ్ళీ రాస్తున్నాను" అను. అంతకుమించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. ఇంకా గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళుంటే నా పక్కకు వచ్చి కూర్చో. మీ అత్తయ్య నీకోసం కనకాంబరాల రంగు చీర తీసి ఉంచింది.

పెళ్ళి మర్నాడు పొద్దున నువ్వూ నేనూ అరుగు మీద కూర్చుందాం. ఆ నోటుపుస్తకం మరిచిపోకుండా తీసుకురా. మా బ్రాంచిలో సరిచూసేవాళ్ళం ఎర్రసిరాతో టిక్కు పెట్టేవాళ్ళం. ఆ కలం ఇంకా నా దగ్గర ఉంది.

మీ మావయ్య