దాతల విందులో మందు గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. మన వెయిట్‌లిఫ్టింగ్ క్లబ్బుకి చందాల కోసం, సంక్రాంతికి ఊరొచ్చే పాత లిఫ్టర్లని, వ్యాపారస్తుల్ని పిలిచి శ్రీకాకుళంలో ఫంక్షన్ హాల్ తీసుకుని రాత్రి విందు ఇద్దామంటున్నారట. పిల్లలెవరూ ఉండరు, అందరూ పెద్దవాళ్లే కాబట్టి మందు పెడితే తప్పేంటని కమిటీ వాదన. పైగా ఆ ఖర్చు తానే పెట్టుకుంటానని ఒకాయన ముందుకొచ్చాడు.

వద్దని చెప్పు. అయితే ఎలా వద్దంటావన్నది ముఖ్యం. ఇంత పొడుగు ఉత్తరం అందుకే.

ముందుగా, తాగడం పాపమనే ధోరణిలో కమిటీలో మాట్లాడకు. నేనేం ముట్టనివాణ్ణి కాదు, మీ అత్తనడుగు. ఆ మాటెత్తావంటే తాగేవాళ్లంతా ఒక్కటైపోతారు, అసలు సంగతి పక్కకి పోతుంది. అసలు సంగతి ఆ విందు ఎవరి పేరున జరుగుతోందన్నది. వెనక బ్యానర్ మీద మన పిల్లల ఫొటోలుంటాయి. దాని ముందు గ్లాసు పట్టుకుని నిలబడ్డవాడి ఫొటో తెల్లారేలోగా ఊరి వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరుతుంది. పిల్లలు ఆ హాల్లో లేరన్న సంగతి ఫొటోలో కనబడదు కదా.

ఆ ఫొటో మన ఆడపిల్లల తల్లులూ చూస్తారు. ఒంటికి అతుక్కునే బట్టలు, మగ కోచ్, చీకటి పడేదాకా ప్రాక్టీసు, పరాయి ఊళ్లలో పోటీలు. ఇన్నిటికీ వాళ్లు ఒప్పుకున్నది నిన్నూ మన ప్రాక్టీసు షెడ్డునీ నమ్మి. కూలి డబ్బులు బెల్టుషాపుకి పోతుంటే చూస్తూ బతికినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఒకమ్మ తన పిల్లని మాన్పించిందంటే పక్కింటామె కూడా ఆలోచనలో పడుతుంది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ సంగతి వేరు. అక్కడ బరువులెత్తడం ఊరి అలవాటు. ఆ ఊరి పిల్ల మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. అలాంటి చోట తల్లులకి నచ్చజెప్పే పని తక్కువ. మన ఊళ్లో ఇంకా గడపగడపకీ తిరిగి అడుగుతున్నాం.

మందు పోస్తే జేబు తెరుచుకుంటుందంటారా? డ్రిల్లు మాస్టారుగా, ఆ తరవాత క్లబ్బు కోశాధికారిగా ఇలాంటి విందులు చాలానే చూశాను. తెరుచుకునేది నోరు. రాత్రి పదకొండింటికి మైకు లాక్కుని 'నా పేరున లక్ష రాసుకోండి' అన్నవాడు పొద్దున్న ఫోనెత్తడు. ఎత్తినా 'నేనెప్పుడన్నాను మాస్టారూ' అంటాడు. మళ్లీ అడగడానికి మనకి మొహమాటం, కనబడటానికి అతనికి నామోషీ. మరుసటి ఏడు పిలిచినా రాడు. డబ్బు ఎలాగూ రాలేదు, మనిషి కూడా దూరమైపోతాడు.

ఖర్చు నాదే అన్న పెద్దమనిషి మీద కోపం పెట్టుకోకు. ఆయన్ని ఓ సాయంత్రం షెడ్డుకి తీసుకెళ్లు. మన ఆడపిల్లలు ఇప్పటికీ మగవాళ్ల రాడ్‌తోనే స్నాచ్, అంటే బరువుని ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం, నేర్చుకుంటున్నారు. అది 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల లావు. పోటీల్లో వాళ్లకిచ్చేది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లేం లెక్కని ఆయనకి అనిపిస్తుంది. అందుకని ఆ కొత్తగా చేరిన చిన్నపిల్లని రాడ్ పట్టుకోమను. హుక్ గ్రిప్‌లో బొటనవేలి మీదకి మిగతా వేళ్లు ముడుచుకోవాలి కదా, ఆ పిల్ల వేళ్లు అందక జారిపోవడం ఆయన్ని దగ్గరగా చూడనీ. చూశాక, సీసాలకి పెడదామనుకున్న డబ్బుతో ఆడపిల్లల రాడ్ ఒకటి కొనిపెట్టమని అడుగు. ఇస్తాడనే నా నమ్మకం.

చట్టం సంగతి నీ చెవిన వెయ్యాలి. హాల్లో మందు పొయ్యాలంటే ఎక్సైజ్ వాళ్ల ఈవెంట్ పర్మిట్ కావాలి. కార్యదర్శివి కాబట్టి ఆ కాగితం మీద సంతకం నీదే అవుతుంది. మన రాష్ట్రంలో 21 నిండనివాళ్లకి మందు ఇవ్వకూడదు. మరి ఆ రాత్రి వడ్డనకి నిలబడేది ఎవరు? మన పంతొమ్మిది, ఇరవయ్యేళ్ల కుర్రాళ్లే. వాళ్ల చేతికీ ఎవరో ఒకరు గ్లాసు ఇవ్వకుండా ఉంటారా? పద్దెనిమిది దాటని పిల్లాడికి ఎవరైనా సరదాకి గ్లాసు అందిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. తిరుగు ప్రయాణంలో పోలీసులు ఊదిస్తే మొదటిసారికే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అవన్నీ పోనీ, పండగ రోజుల్లో రణస్థలం వైపు హైవే ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? మన విందు నుంచి బయల్దేరినవాడు ఆగి ఉన్న లారీ కిందకి పోతే ఆ ఇంటి గుమ్మం ఎక్కగలమా మనం?

అమెరికా నుంచి వచ్చే ఆ అబ్బాయి 'అక్కడ చందాల డిన్నర్లలో వైన్ మామూలే' అన్నాడన్నావు. పెద్దల విందుల్లో ఉంటుంది, కాదనను. అక్కడి స్కౌట్ల సంస్థ నియమం కూడా చెప్పమను. వాళ్ల సొంత స్థలాల్లో గానీ, పిల్లలు పాల్గొనే ఏ కార్యక్రమంలో గానీ మద్యం ఉండకూడదు. ఇక మన దగ్గర పెద్దల విందు వేరు, పిల్లల విందు వేరు అని గోడ కట్టడం అయ్యే పనేనా? హాలు గేటు ముందు ఐస్‌క్రీం బండి ఆగిందంటే గుంటలంతా అక్కడే ఉంటారు.

అలాగని ఆహ్వానంలో 'మద్యం నిషిద్ధం' అని అచ్చు వేయించకు. 1995 జనవరి 16 నుంచి రాష్ట్రమంతా మద్యనిషేధం పెట్టారు, 1997లో సడలించారు. ఆ రోజుల్లో ఇచ్ఛాపురం దాటి ఒడిశా వైపు జనం ఎందుకెళ్లేవారో మన జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు. వద్దని బోర్డు పెడితే సీసా కారు డిక్కీలోకి మారుతుంది, అంతే. వేళ మార్చెయ్యి. సంక్రాంతి నాడు ఇళ్లల్లో పెద్దలకి పెట్టుకునే పని ఉంటుంది. కనుమ నుంచి ముక్క, చుక్క మొదలు. కాబట్టి భోగి నాడు పొద్దున్న తొమ్మిదికి, మన షెడ్డులోనే పెట్టు. హాలు అద్దె మిగులుతుంది. వేడివేడి గారెలు, బెల్లం గవ్వలు, తంపటేసిన తేగలు చాలు. పిల్లలు ఎత్తుతుంటే వచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుని చూస్తారు. ఇనుము నేలకి తగిలిన చప్పుడు విన్నాక పాత లిఫ్టర్లు తమంతట తామే లేచి రాడ్ దగ్గరికి వస్తారు. అడగాల్సింది అప్పుడే. ఏ సామానుకి ఎంతో నల్లబల్ల మీద రాసి ఉంచు, పక్కన క్యూఆర్ కోడ్ అంటించు, డబ్బు పడగానే రసీదు చేతికిచ్చి పేరు చదివించు.

సాయంత్రం ఆ స్నేహితులంతా ఏ తోటలోనో కూర్చుంటారు. కూర్చోనీ, అది వాళ్లిష్టం. మన బ్యానర్, రసీదు పుస్తకం, మన కోచ్ మాత్రం అక్కడికి వెళ్లకూడదు. కోచ్‌కి ఈ మాట ముందే, ఒంటరిగా పిలిచి చెప్పు. నలుగురిలో చెబితే చిన్నబుచ్చుకుంటాడు. లైసెన్సు మందు షాపు యజమాని చందా ఇస్తానంటే నేనైతే పుచ్చుకుంటాను, రసీదూ ఇస్తాను. పిల్లల టీషర్టుల మీద ఆ షాపు పేరు మాత్రం వెయ్యనివ్వను. దీనికి మీ కోశాధికారి ఒప్పుకోకపోవచ్చు, ఆయన లెక్కలు ఆయనవి.

మీటింగులో మొదట నువ్వు మాట్లాడకు. ఆడపిల్ల కాబట్టి అలాగే అంటుందని కొట్టిపారేస్తారు. పాత లిఫ్టర్లలో పెద్దవాడి చేత అనిపించి, ఆ వెనక నువ్వు లెక్కలు చెప్పు. ఒప్పుకున్నాక మినిట్స్ పుస్తకంలో ఒక వాక్యం రాయించు: క్లబ్బు పేరుతో జరిగే ఏ కార్యక్రమంలోనూ, ఖర్చు ఎవరు పెట్టుకున్నా, మద్యం ఉండదు. అందరి చేతా సంతకాలు పెట్టించు. వచ్చే ఏడు కమిటీ మారినా ఆ పుస్తకం ఉంటుంది.

రాడ్‌కి రెండు చోట్ల కొటేషన్ తీసుకో. రవాణా ఖర్చు అందులో కలిపారో లేదో అడుగు, అది తరవాత మన మీద పడుతుంది. గవ్వలు అత్త చేసి పంపుతానంటోంది, ఎన్ని కిలోలు కావాలో ఆదివారంలోగా ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య