రాత్రి మొదలైన మెయిల్ బ్యాకప్ ఉదయం పదింటికీ అవ్వట్లేదా?

భీమవరం నుంచి ఒక పాఠకుడు రాశారు: "మా రొయ్యల ఎగుమతి కంపెనీకి సొంత జింబ్రా మెయిల్ సర్వర్ ఉంది. ఉచిత వెర్షన్, 8.8.15. మెయిల్‌బాక్సులు 140, డేటా 900 జీబీ. నాస్ ఎప్పుడూ సర్వర్‌కి మౌంట్ అయ్యే ఉంటుంది. రోజూ రాత్రి 11కి ఒక స్క్రిప్ట్ మొత్తం ఫోల్డర్‌ని టార్ చేసి అందులో పెడుతుంది. ఈమధ్య ఉదయం పది దాటినా అది అవ్వట్లేదు, మెయిల్ తెరుచుకోవట్లేదని ఆఫీసులో ఒకటే గోల. ఇంకా వేగమైన నాస్ కొనాలా? సర్వర్ అప్‌గ్రేడ్ కూడా పెండింగ్‌లో ఉంది, ముందు ఏది చేయాలి?"

కంపెనీ పేరు, సాఫ్ట్‌వేర్ పేరు మారుతుంటాయి గానీ ఈ ఉత్తరం నాకు నెలకి రెండు సార్లయినా వస్తుంది. అందుకే ఈ వారం మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. కొత్తవాళ్ల కోసం: జింబ్రా అనేది మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్, నాస్ అంటే నెట్‌వర్క్‌కి కలిపే డిస్కుల పెట్టె, మౌంట్ అంటే ఆ పెట్టె సర్వర్‌కి తన ఫోల్డర్‌లా తగిలి ఉండటం, టార్ అంటే ఫోల్డర్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా మూట కట్టడం.

కొత్త నాస్ కొనకండి. కొన్నా ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇదే పరిస్థితికి వస్తారు. జింబ్రాలో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్. వచ్చిన రోజు స్టోర్ ఫోల్డర్‌లో పడ్డాక ఆ ఫైల్ ఇక మారదు, మీరు చదివినా, వేరే ఫోల్డర్‌లోకి జరిపినా మారేది డేటాబేస్‌లోని ఎంట్రీయే. అంటే 2019లో అమెరికా కొనుగోలుదారు పంపిన ఆర్డర్ కాపీని మీ స్క్రిప్ట్ ప్రతి రాత్రీ మళ్లీ చదివి, మళ్లీ కుదించి, మళ్లీ నెట్‌వర్క్ మీద మోసుకెళ్తోంది. ఆ టార్ తీసేసి ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌ని లింక్-డెస్ట్ ఆప్షన్‌తో వాడండి. నిన్నటి నుంచి మారని ఫైళ్లకి హార్డ్‌లింక్ (ఉన్న ఫైల్‌కే ఇంకో పేరు) వేసి కొత్తవి, మారినవి మాత్రమే తెస్తుంది. ఏ తేదీ తెరిచినా పూర్తి ఫోల్డర్ కనిపిస్తుంది, స్థలం మాత్రం ఆ రోజు కొత్తగా వచ్చినవాటికి, మారినవాటికే పడుతుంది. ఇంకాస్త ఓపిక ఉంటే బ్యాకప్ టూల్సైన బోర్గ్ గానీ రెస్టిక్ గానీ పెట్టుకోండి, ఉన్న డేటాని రెండోసారి దాచవు, ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా చేయడం) కూడా వాటిలోనే ఉంది.

మెయిళ్లు వెతకడానికి పనికొచ్చే ఇండెక్స్ ఫోల్డర్‌ని వదిలేయొచ్చు, పోయినా రీఇండెక్స్ చేస్తే మళ్లీ తయారవుతుంది. ఖాతాల వివరాలుండే ఎల్‌డాప్ డేటా ఫైల్ దగ్గర మాత్రం జాగ్రత్త. చూడటానికి 80 జీబీ అని చూపిస్తుంది, నిజంగా లోపల ఉండేది కొన్ని ఎంబీలే, ఎందుకంటే అది స్పార్స్ ఫైల్, అంటే లోపలి ఖాళీకి డిస్క్ మీద చోటు తీసుకోదు. ఆర్‌సింక్‌కి స్పార్స్ ఆప్షన్ ఇవ్వకపోతే ఆ ఖాళీ అంతా నిజమైన 80 జీబీలుగా అవతల పడుతుంది. "రాత్రికి రాత్రి నాస్ నిండిపోయింది" అని రాసినవాళ్లలో సగం మంది దగ్గర దొరికిన దొంగ ఇదే.

ఇక సర్వర్ నడుస్తుండగా తీసిన కాపీ గురించి. స్టోర్‌ని ఒంటిగంటకి, డేటాబేస్‌ని మూడింటికి కాపీ చేస్తే రెండింటికీ లెక్క కుదరదు. రిస్టోర్ చేసిన రోజు ఇన్‌బాక్స్‌లో సబ్జెక్ట్ కనిపిస్తుంది, నొక్కితే ఎర్రర్ వస్తుంది. అందుకని రాత్రి రెండింటికి సర్వీసులు ఆపి, ఎల్‌వీఎం (లైనక్స్‌లో డిస్కుల్ని చూసుకునే ఏర్పాటు) స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో ఆ రూపం తీసి, వెంటనే మళ్లీ మొదలుపెట్టండి, కాపీ ఆ స్నాప్‌షాట్ నుంచి నిదానంగా చేసుకోవచ్చు. ఎల్‌వీఎం లేకపోతే ఆర్‌సింక్‌ని రెండుసార్లు నడపండి, ఒకసారి సర్వర్ నడుస్తుండగా, ఇంకోసారి ఆపి. రెండోసారికి మిగిలేది కొంచెమే కాబట్టి త్వరగా అయిపోతుంది. ఆ కాసేపట్లో మెయిళ్లు పోతాయేమోనని టెన్షన్ వద్దు, పంపే సర్వర్లు కొంతసేపాగి మళ్లీ ప్రయత్నిస్తాయి.

మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్ వాడేవాళ్ల కష్టం ఇంకోలా ఉంటుంది. అక్కడ ప్రతి మార్పునీ రాసుకునే లాగ్ ఫైళ్లు ఒక్కోటి ఒక ఎంబీ చొప్పున పేరుకుపోతాయి, ఎక్స్ఛేంజ్‌ని గుర్తించి తీసే బ్యాకప్ పూర్తయితేనే పాతవి తొలగుతాయి. బ్యాకప్ నాలుగు రోజులు ఆగిందంటే డ్రైవ్ నిండి డేటాబేస్ డిస్‌మౌంట్ అవుతుంది, అంటే మెయిల్ ఆగిపోతుంది. అప్పుడు కంగారులో పాత లాగ్‌ల మీదే మళ్లీ రాసే సర్క్యులర్ లాగింగ్ ఆన్ చేసి వదిలేస్తారు. అది ఆన్‌లో ఉంటే ఇంక్రిమెంటల్ బ్యాకప్ (కిందటిసారి నుంచి మారినవి మాత్రమే) తీయలేరు. ఆ సంగతి తెలిసేది రిస్టోర్ అవసరమైన రోజునే.

వేగం గురించి ఇంతే. నన్ను భయపెట్టింది మీ ఉత్తరంలో మామూలుగా రాసేసిన ఇంకో మాట: "నాస్ ఎప్పుడూ మౌంట్ అయ్యే ఉంటుంది."

జింబ్రాలో 2022లో ఒక లోపం బయటపడింది. వచ్చిన మెయిల్‌లో ఆర్కైవ్ ఫైల్ (చాలా ఫైళ్లని మూట కట్టినది) ఉంటే వైరస్ కోసం దాన్ని విప్పి చూసేటప్పుడు, సీపీఐఓ అనే పాత టూల్ వల్ల, దాడి చేసేవాడు సర్వర్‌లో తనకు కావలసిన చోట ఫైల్ పెట్టగలిగాడు. మీ ఉద్యోగులెవరూ లింక్ నొక్కక్కర్లేదు, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పక్కర్లేదు, మెయిల్ వచ్చి పడితే చాలు. మీ 8.8.15 కూడా ఆ జాబితాలో ఉంది, దానికి సపోర్ట్ కూడా 2023 డిసెంబరుతో ముగిసింది. అలా లోపలికి వచ్చినవాడికి మౌంట్ అయి ఉన్న నాస్ ఇంకో ఫోల్డర్‌లా కనిపిస్తుంది. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ నడిపేవాళ్లు ముందు వెతికేదే బ్యాకప్‌ని, అది చేతిలో ఉన్నంతకాలం మీరు డబ్బు కట్టరని వాళ్లకి తెలుసు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లలో సుమారు 1.3 టీబీ డేటా ఎన్‌క్రిప్ట్ అయిపోయింది. ఈ-హాస్పిటల్ డేటాని దాడి తగలని బ్యాకప్ సర్వర్ నుంచి వెనక్కి తెచ్చామని కేంద్రం పార్లమెంటుకి చెప్పింది. ఆ సర్వర్‌కి కూడా దాడి తగిలి ఉంటే రోగుల రికార్డులు ఏమయ్యేవో ఆలోచించండి.

కాబట్టి దారి తిప్పండి. సర్వర్ వెళ్లి బ్యాకప్‌ని పెట్టకూడదు, బ్యాకప్ మెషీనే వచ్చి తీసుకెళ్లాలి. బ్యాకప్ మెషీన్ పాస్‌వర్డ్ గానీ కీ గానీ మెయిల్ సర్వర్‌లో ఎక్కడా ఉండకూడదు. దాన్ని ఆఫీసు డొమైన్‌లో (అందరి లాగిన్లూ ఒకేచోట నడిపే ఏర్పాటు) కలపొద్దు, అడ్మిన్ పాస్‌వర్డ్ వేరుగా పెట్టండి. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొని వారం విడిచి వారం మార్చండి, ఒకటి ఎప్పుడూ ఆఫీసు బయట ఉండాలి. ఎన్‌క్రిప్ట్ చేయకుండా మాత్రం బయటికి పంపొద్దు, అందులో జీతాల వివరాలు, ఆధార్ కాపీలు, ధరల కొటేషన్లు అన్నీ ఉంటాయి. ఆ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి లాకర్లో పెట్టండి. దాన్ని తనకు తాను మెయిల్ చేసుకున్న అడ్మిన్‌ని నేను చూశాను. సర్వర్ పోయిన రోజు ఆ మెయిల్ ఎలా తెరవాలి?

నాస్ పెట్టెలు తయారుచేసేవాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది. ఫైళ్లు భద్రంగా ఉంచమని కొన్న పెట్టెకి, ఫోన్లో ఎక్కడి నుంచైనా చూసుకోవచ్చు అంటూ ఇంటర్నెట్ వైపు తలుపు తెరవమని మొదటి స్క్రీన్‌లోనే ఎందుకు అడగాలి? అలా తెరిచి ఉన్న పెట్టెల్నే 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ వరసపెట్టి తాళం వేసింది. ఇక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ చూపించే ఆ పచ్చ టిక్కు. విజయవాడలో ఒక ఆఫీసులో "మెయిల్ బ్యాకప్ - ముట్టుకోవద్దు" అని స్టిక్కర్ అంటించిన డిస్క్ తెరిచాను. రోజుకో ఫోల్డర్, తేదీలన్నీ వరసగా ఉన్నాయి, స్క్రీన్ మీద అన్నింటికీ పచ్చ టిక్కులే. ఏ ఫోల్డర్ తెరిచినా ఏమీ లేదు. ఐదు నెలల కిందట సర్వర్‌లో ఫోల్డర్ పేరు మారింది, అప్పటి నుంచి ఆ ప్రోగ్రాం సున్నా ఫైళ్లు కాపీ చేసి సక్సెస్ అని రాసుకుంటూ వచ్చింది. నిన్న లక్ష ఫైళ్లు ఉండి ఇవాళ సున్నా అయితే గట్టిగా అరవాలన్న ఇంగితం లేకుండా ఒక బ్యాకప్ ప్రోగ్రాం ఎలా రాస్తారు?

అరిచినా వినపడాలి కదా. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే తొలగించాడు. బ్యాకప్ కోసం చూస్తే అది చాలాకాలంగా ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు వెళ్లాయి గానీ, వాటికి డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ పంపినవాళ్లదేనా అని తేల్చే ఏర్పాటు) సరిగా లేక అవతలివైపు తిరస్కరించారు. మీ బ్యాకప్ అలర్ట్ కూడా అదే మెయిల్ సర్వర్ మీదుగా వస్తుంటే ఇవాళే మార్చండి, ఎస్ఎంఎస్‌కో వేరే మెయిల్ ఖాతాకో వచ్చేలా పెట్టండి.

ఇక ముందు బ్యాకప్పా, అప్‌గ్రేడా అన్న ప్రశ్న. రెండూ ఒకే మెషీన్ మీద చేయొచ్చు. పక్కన పడేసిన డెస్క్‌టాప్ ఏదైనా ఉంటే అందులో పెద్ద డిస్క్ వేసి, బయటి నెట్‌వర్క్‌కి కలపకుండా, కొత్త బ్యాకప్ నుంచి 8.8.15నే రిస్టోర్ చేయండి. అకౌంట్స్‌లో పాత మనిషిని పిలిచి తన మెయిల్‌బాక్స్ తెరవమనండి, మూడేళ్ల కిందటి మెయిల్ ఒకటి, అటాచ్‌మెంట్‌తో సహా. క్యాలెండర్, కాంటాక్టులు కూడా చూడమనండి. ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి, మీ యజమాని అడిగేది అదే. అన్నీ తెరుచుకుంటే ఆ డెస్క్‌టాప్ మీదే అప్‌గ్రేడ్ నడిపి చూడండి. అక్కడ విరిగితే మళ్లీ రిస్టోర్ చేయండి, రెండోసారి ప్రాక్టీస్ అవుతుంది. అక్కడ నిలబడితే ఆ శనివారం రాత్రే అసలు సర్వర్ మీద మొదలుపెట్టండి, వచ్చే నెలకి వాయిదా వేయొద్దు.