నీ వ్యాసంలో ఎలుక ఏదీ?

చిక్కడపల్లి, హైదరాబాద్

సింధూ,

దీర్ఘకాలిక జ్ఞాపకం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష శుభ్రంగా ఉంది, సైన్స్‌లో పెద్ద తప్పుల్లేవు. అయినా మూడో పేరా దాటేసరికి నా ధ్యాస వంటింట్లో కుక్కర్ విజిల్ మీదికి పోయింది. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకు.

‘గుర్తుచేసుకున్న ప్రతిసారీ జ్ఞాపకం మారుతుందని శాస్త్రవేత్తలు నిరూపించారు’ అని రాశావు. ఎవరమ్మా వాళ్లు? ఏం చేసి నిరూపించారు? ఆ ‘ప్రతిసారీ’ ఎక్కడి నుంచి వచ్చింది? వాట్సాప్ ఫార్వర్డ్ కూడా ఇలాగే మాట్లాడుతుంది. ఫలితం చెప్పేసి ప్రయోగాన్ని దాచేస్తే పాఠకుడికి నమ్మడం తప్ప చేయడానికి ఇంకేం ఉండదు.

అదే సంగతి ఇలా మొదలుపెట్టి చూడు. 2000లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కరీమ్ నాదర్, గ్లెన్ షాఫ్, జోసెఫ్ లెడూ కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. ఎలుకలకు ఒక శబ్దం వినిపించి, దానితోపాటు కాళ్లకు చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. ఇక ఆ శబ్దం వింటే చాలు, ఎలుక కదలకుండా బిగుసుకుపోయేది. మర్నాడు షాక్ లేకుండా ఉత్త శబ్దమే వినిపించి, వెంటనే మెదడులో అమిగ్డలా అనే భాగంలోకి అనైసోమైసిన్ ఎక్కించారు. కణాల్లో కొత్త ప్రొటీన్లు తయారు కాకుండా ఆపే మందు అది. ఆ తర్వాతి రోజు ఆ ఎలుకల్లో భయం బాగా తగ్గిపోయింది.

నువ్వైతే ఇక్కడితో ఆపేసేదానివి. అసలు రుచి దీని తర్వాతే ఉంది. శబ్దం వినిపించకుండా అదే మందు ఎక్కించిన ఎలుకలు ఎప్పటిలాగే భయపడ్డాయి. శబ్దం వినిపించి, ఆరు గంటలు ఆగి మందు ఇచ్చినా భయం పోలేదు. అంటే మందు ఒక్కటే చాలదు. ముందు జ్ఞాపకం కదలాలి, మందు ఆ వెంటనే అందాలి. కదిలిన జ్ఞాపకం మళ్లీ నిలదొక్కుకోవడానికి కొత్త ప్రొటీన్లు కావాలని ఆ రెండు పోలికల వల్లే తేలింది. ఈ రెండు గుంపుల్నీ నువ్వు ఒక్క వాక్యంలో కూడా చెప్పలేదు. 1968లోనే మిసానిన్, మిల్లర్, లూయిస్ ఎలుకల మెదడుకు కరెంటు పెట్టి ఇలాంటిదే గమనించారనీ, ఆ తర్వాత చాలా ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదనీ కూడా రాస్తే కథకి వయసు వస్తుంది.

జ్ఞాపకం మొదట ఏర్పడటం గురించి రాసిన చోటా ఇదే చిక్కు. సైక్లిక్ ఏఎంపీ, పీకేఏ, క్రెబ్ అని కణంలో కబురు అందించే అణువుల పేర్లు పెళ్లిపిలుపుల జాబితాలా చదివావు. ఎరిక్ కాండెల్‌కి 2000లో నోబెల్ (మరో ఇద్దరితో కలిపి) తెచ్చిన సముద్రపు నత్త అప్లీసియాని ముందు నీళ్లలో చూపించు. దాని తోకకి ఒక్క షాక్ తగిలితే, తర్వాత కాసేపు చిన్న స్పర్శకే మొప్పను గట్టిగా ముడుచుకుంటుంది. షాక్‌లు మళ్లీ మళ్లీ తగిలితే ఆ తీరు రోజుల తరబడి నిలుస్తుంది. కాసేపటి జ్ఞాపకానికి ఉన్న ప్రొటీన్లలో చిన్న మార్పు చాలు. రోజుల జ్ఞాపకానికి పీకేఏ కణకేంద్రకంలోకి వెళ్లాలి, క్రెబ్‌ని మేల్కొలపాలి, జన్యువులు పనిచేయాలి, నాడీకణాల మధ్య కొత్త కనెక్షన్లు మొలవాలి. ఇలా చెబితే ఆ పేర్లకు పని దొరుకుతుంది.

‘మెదడు ఒక హార్డ్ డిస్క్’ అనే వాక్యం మాత్రం దయచేసి కొట్టెయ్యి. ప్రొటీన్లు రోజుల్లో, వారాల్లో విరిగిపోయి కొత్తవి వస్తూనే ఉంటాయి. మరి చిన్ననాటి సంగతి అరవయ్యేళ్లకు ఎలా మిగులుతోంది? డీఎన్ఏ నిర్మాణాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్ 1984లో ఈ ప్రశ్న అడిగాడు. పీకేఎం జీటా అనే అణువే జవాబని కొన్నాళ్లు అనుకున్నారు. 2013లో అది లేకుండా పుట్టించిన చిట్టెలుకలు కూడా మామూలుగానే నేర్చుకోవడంతో గొడవ మొదలైంది, ఇంకా నడుస్తోంది. గొడవను గొడవగానే రాయి. పాఠకుడికి అదేం టెన్షన్ కాదు.

‘చేదు జ్ఞాపకాలను డిలీట్ చేసే మందు’ అన్న శీర్షిక నువ్వు పెట్టావో, స్నేహితులు పెట్టించారో! మనుషుల మీద ప్రొప్రనొలాల్ అనే గుండె మందుతో ప్రయత్నాలు జరిగాయి, ఫలితాలు ఒక్క తీరుగా లేవు. దుఃఖంలో ఉన్నవాళ్లు కూడా నీ వ్యాసం చదువుతారు, అది గుర్తుపెట్టుకో.

మన ఊరి ఉదాహరణ కావాలన్నావు. 2020 అక్టోబరు 13 రాత్రి వాన ఉందిగా. ఆ రాత్రి ఎవరెవరు ఎక్కడున్నారో మీ ఇంట్లో ఒక్కొక్కరినీ విడిగా రాయమను. తర్వాత ఫోన్లలోని ఫొటోల టైముతో సరిచూడు. 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిన మర్నాడు అమెరికాలో మనస్తత్వవేత్త ఉల్రిక్ నైసర్ తన విద్యార్థుల చేత ఇలాగే రాయించుకుని, రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగాడు. నాలుగో వంతు మంది అన్నీ తప్పే చెప్పారు, వాళ్లలో కొందరైతే చాలా ధీమాగా. అయితే ఆ విద్యార్థుల పొరపాటుకి అమిగ్డలాలో ప్రొటీన్లే కారణమని ముడిపెట్టకు. ఒకటి మాటల్లో కనిపించింది, రెండోది ఎలుక కణాల్లో. మధ్యలో దారి ఇంకా పూర్తిగా వేయలేదు.

హబ్సిగూడలో కణాల మీద పరిశోధన చేసే సంస్థ సీసీఎంబీలో ఓపెన్ డే ఉన్నప్పుడు వెళ్లి, కణంలో ప్రొటీన్ తయారైందని ఎలా కనిపెడతారో అడుగు. వాళ్లు ఓపిగ్గా చూపిస్తారు.

నాదర్ పేపర్ ప్రింట్ తీసుకుని శుక్రవారం సాయంత్రం ఇంటికి రా. గ్రాఫులు ఫోన్‌లో నాకు ఆనవు.

ఆశీస్సులతో,
మీ సార్