వెనిస్‌లో నాలుగు రోజులకి మూడేళ్ళ ఈఎంఐ ఎందుకు?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మావారికి 58 ఏళ్ళు, ప్రైవేటు కంపెనీలో పని, రెండేళ్ళలో రిటైర్ అవుతారు. మా అబ్బాయి జర్మనీలో, మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో రమ్మని విమానం టికెట్లు కొన్నాడు, వీసా ఖర్చు కూడా వాడే పెడతానన్నాడు. మా పెళ్ళయి 30 ఏళ్ళవుతోంది. అక్కణ్ణుంచి ఇటలీలో ఉన్న వెనిస్ వెళ్ళి మూడు రాత్రులు ఉండి రావాలని నా కోరిక. ఆ ఖర్చు మాత్రం వాడి మీద వెయ్యం. ట్రావెల్ ఏజెంటు ఇద్దరికీ 2 లక్షల 40 వేలు అన్నాడు. బ్యాంకువాళ్ళు 14 శాతం వడ్డీకి రెండున్నర లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు, మూడేళ్ళలో తీర్చాలి. 7 శాతం వడ్డీ వచ్చే 6 లక్షల ఎఫ్‌డీ ఉంది, వచ్చే మార్చికి గడువు తీరుతుంది. ఒక చీటీ నడుస్తోంది. నెలకి 15 వేలు మిగులుతాయి. లోను తీసుకోవాలా, ఎఫ్‌డీ తియ్యాలా, చీటీ పాడాలా? ఆయనకి మోకాళ్ళ నొప్పులు, అక్కడ తిరగగలమా అని టెన్షన్. అక్కడి గొండోలా పడవ ఎక్కడం దుబారానా?

జవాబు: అమ్మా, ముందు లోను సంగతి. రెండున్నర లక్షలకి 14 శాతం చొప్పున 36 నెలలంటే ఈఎంఐ సుమారు 8,540 రూపాయలు. మొత్తం మీద వడ్డీయే 57 వేలు దాటుతుంది. పైగా మీవారు రిటైరైన తర్వాత కూడా దాదాపు ఏడాదిపాటు ఈఎంఐ కట్టాలి. జీతం ఆగిపోయిన ఇంట్లో విహారయాత్ర అప్పు మిగిలి ఉండకూడదు. ఈ విషయంలో నేను రాజీపడను.

అసలు 2 లక్షల 40 వేలు ఎందుకవుతుంది? వెనిస్ అనగానే మనకి భయం వేసేది తిరగడం గురించే. బెజవాడలో బందరు కాలువ దాటగానే ఆటో దొరుకుతుంది. అక్కడ ఆటో లేదు, కారు లేదు, పాత నగరంలో సైకిల్ కూడా తొక్కనివ్వరు. ఉంటే పడవ, లేకపోతే కాళ్ళు. ఏజెంటు ఆ భయానికి కూడా కలిపి రేటు కడతాడు. తిరిగే పద్ధతి తెలిస్తే ఖర్చు చాలావరకు దిగుతుంది.

మన సిటీ బస్సులాగే అక్కడ వపొరెట్టో అనే పడవ బస్సు ఉంది. ఒక టికెట్టు తొమ్మిదిన్నర యూరోలు, 75 నిమిషాలు పనికొస్తుంది. యూరోకి 110 రూపాయలు లెక్కేసుకుందాం, కాస్త ఎక్కువే పట్టుకోవడం మంచిది. అంటే ఒక్క టికెట్టు వెయ్యి దాటింది. 72 గంటల పాసు 45 యూరోలు. మూడు రోజుల్లో ఐదుసార్లు ఎక్కితే పాసే చవక, మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఐదుసార్లు తప్పకుండా ఎక్కుతారు. నేనూ మా ఆవిడా వెళ్ళినప్పుడు దిగిన కంగారులో విడివిడిగా టికెట్లు కొన్నాం. రెండో రోజు సాయంత్రానికే పాసు ధర దాటిపోయింది. మీకు ఆ నష్టం వద్దు. ఎక్కిన ప్రతిసారీ పాసుని మెషీన్‌కి తాకించాలి, లేకపోతే జరిమానా వేస్తారు.

మొదటి రోజే రైల్వే స్టేషన్ ముందు ఒకటో నంబరు పడవ ఎక్కండి. ఊరి పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ పొడవునా మెల్లగా, ప్రతి రేవులో ఆగుతూ, 1591లో పూర్తయిన రియాల్టో వంతెన కిందుగా సాన్ మార్కో అనే పెద్ద చౌకు దాకా వెళుతుంది. గైడుకి డబ్బిచ్చినా ఇంతకన్నా మంచి దారి చూపించలేడు. పాసు ఉంటే దానికి వేరే ఖర్చు లేదు.

మోకాళ్ళ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. వెనిస్‌లో 400కి పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నిటికీ మెట్లే. పెద్ద సూట్‌కేసులు అబ్బాయి ఇంట్లో వదిలి, ఒక్కొక్క చిన్న బ్యాగుతో వెళ్ళండి. బస మేస్త్రేలో చవక. అది నేలమీద ఉన్న భాగమైనా వెనిస్ మున్సిపాలిటీలోదే. అక్కణ్ణుంచి రైల్లో పది నిమిషాలు, మీ పాసు మీద ట్రామ్‌లోనూ బస్సులోనూ కూడా రావచ్చు. అయినా మీ ఇద్దరికీ నా సలహా వేరు. పాత నగరంలోనే, పడవ రేవుకి దగ్గరగా, మధ్యలో వంతెన లేని గది వెతకండి. మధ్యాహ్నం గదికొచ్చి కాళ్ళు చాపుకోగలిగితేనే సాయంత్రం మళ్ళీ తిరగగలరు. ఆ తేడా డబ్బు వృథా కాదు.

ఒక్కరోజు చూసి వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర 2024 నుంచి కొన్ని ఎంచిన రోజుల్లో ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. రాత్రి బస చేసేవాళ్ళకి అది లేదు, హోటల్లో కట్టే పన్ను ఉంటుంది. పులిహోర కట్టుకెళితే గదిలోనే తినండి. సాన్ మార్కో చౌకులో కింద కూర్చుని తింటే జరిమానా. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. మంచినీళ్ళు వీధి కుళాయిల్లో ఉచితం, మంచివే.

ఇద్దరికీ నా లెక్క ఇలా ఉంది. మ్యూనిక్ నుంచి రానూ పోనూ రైలుకి 200 యూరోలు, ముందుగా కొంటే తగ్గుతుంది. గదికి రాత్రికి 130 చొప్పున 390, పాసులకి 90, భోజనాలకి నాలుగు రోజులకి 280, డోజీ (పాత వెనిస్ పాలకుడు) రాజభవనం వంటివి చూడటానికి 100, హోటల్ పన్నూ చిల్లరా 60, గొండోలాకి 90. మొత్తం 1,210 యూరోలు, అంటే లక్షా 33 వేలు. చేతిలో ఉండేందుకు మరో 17 వేలు కలిపి లక్షన్నర అనుకోండి.

సెప్టెంబరుకి ఇంకా ఐదు నెలలుంది. నెలకి 15 వేలు విడిగా వేస్తే 75 వేలు చేరతాయి. మిగతా 75 వేలకి ఎఫ్‌డీని తియ్యకండి. ముందుగా తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో దాదాపు ఒక శాతం కోస్తాయి, అదీ మొత్తం 6 లక్షల మీద. దాని బదులు అదే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి, అంటే ఎఫ్‌డీని హామీగా పెట్టుకుని బ్యాంకిచ్చే అప్పు. ఎఫ్‌డీ వడ్డీకన్నా ఒక శాతం ఎక్కువ, అంటే 8 శాతం అనుకుందాం. తిరిగొచ్చాక నెలకి 15 వేలు కడితే ఐదు నెలల్లో తీరిపోతుంది, వడ్డీ పదిహేను వందలు. ఎఫ్‌డీకి మార్చిలో రావలసిన డబ్బు పూర్తిగా వస్తుంది. అది మీవారి రిటైర్మెంటు డబ్బు, దాన్ని అలాగే ఉంచండి. చీటీ పాడొద్దు, పాటలో వదులుకునేది ఈ వడ్డీకి ఎన్నో రెట్లు ఉంటుంది.

విదేశీ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచీ టీసీఎస్, అంటే అమ్మేవాళ్ళే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు. రిటర్ను వేస్తే అది సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండదు. మీరే ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) యూరోలు వేసుకుంటే, ఏడాదికి 10 లక్షలు దాటనంతవరకు టీసీఎస్ లేదు. మామూలు డెబిట్ కార్డు గీకితే మూడు, మూడున్నర శాతం అదనంగా పోతుంది. మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి.

మీరు ఎక్కువ రోజులు ఉండేది అబ్బాయి దగ్గర కాబట్టి జర్మనీ వీసాకే అప్లై చెయ్యాలి, అది చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా, ఇటలీకీ పనికొస్తుంది. 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి, పాలసీ తేదీల్లో వెనిస్ రోజులు కూడా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక గొండోలా. దుబారా కాదు. నగరం నిర్ణయించిన ధర పగలు అరగంటకి 90 యూరోలు, అది మనిషికి కాదు, పడవకి. అబ్బాయి కూడా వస్తే అదే డబ్బుకి ముగ్గురూ ఎక్కొచ్చు. సాయంత్రం ఏడు దాటితే 110 అవుతుంది. సెప్టెంబరు మధ్యలో అక్కడ ఏడు దాటాకే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి ఆరు గంటలకి రేవుకి వెళ్ళండి, ధరా సమయమూ ఎక్కకముందే మాట్లాడుకోండి, ఆరున్నరకల్లా పడవలో ఉండండి. ఆ 90 యూరోలు లెక్కలో వేసే ఉంచాను.