కొత్త షెడ్డు వేసే ముందు

చిరంజీవి అమ్మాయిని ఆశీర్వదించి మామయ్య రాయునది.

నీ జాబు చేరింది. షెల్టర్‌లో కుక్కలకు కాలు చాపుకునే చోటు కూడా లేదనీ, ఇంకో పెద్ద షెడ్డు వేస్తే గానీ గడవదనీ రాశావు. వెయ్యి, వద్దనను. అయితే అది ఉన్నవాటిని విడదీయడానికి ఉండాలి. ఖాళీ గది కనబడితే చాలు, నెల తిరిగేలోగా ఊరే దాన్ని నింపేస్తుంది. పశువుల డాక్టరుగా ఇన్నేళ్లు చూసినవాణ్ణి, ఈ మాట మాత్రం గట్టిగా చెబుతాను.

ముందు లెక్క చూసుకో. రోజుకి 2 కుక్కలు వస్తూ ఒక్కోటి 30 రోజులుంటే నీ దగ్గర ఎప్పుడూ 60 ఉంటాయి. 20 రోజులకే పంపగలిగితే 40. ఇటుక పెట్టకుండానే 20 కుక్కల చోటు మిగిలింది గదా! అందుకని రిజిస్టరులో వచ్చిన తేదీ పక్కన వెళ్లిన తేదీ కూడా రాయించు. గాయం మానినా తీసుకెళ్లే ఆటో లేక ఎన్ని ఆగిపోయాయో అప్పుడు బయటపడుతుంది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు తెచ్చిన వీధికుక్కని, 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం, టీకా వేసి పట్టుకొచ్చిన చోటే వదలాలి. అది నీ దగ్గర చుట్టంలా ఉండిపోకూడదు.

ఇందులో ఒక మెలిక ఉంది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టిన కుక్కల్ని మళ్లీ అక్కడ వదలొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటివి వస్తే వెళ్లేవి కావు. కార్పొరేషన్ వాళ్లు తెచ్చి దింపుతామంటే ఎన్ని, తిండి ఖర్చు ఎవరిది, డాక్టరు ఎవరు అన్నది కాగితం మీద రాయించుకున్నాకే గేటు తియ్యి. మొహమాటపడకు.

ఇక కట్టడం సంగతి. మొదటి గది గేటు పక్కనే, మిగతావాటికి దూరంగా ఉండాలి. కొత్తగా వచ్చింది రెండు వారాలు అక్కడే. నిండిపోయిన షెల్టర్‌లో కుక్కలు చచ్చేది ఎక్కువగా పార్వో, డిస్టెంపర్ అనే అంటు వైరస్ జబ్బులతోనే. ఫినాయిల్ వాసనొస్తే శుభ్రమైపోయిందనుకుంటారు మన పనివాళ్లు. పార్వో దానికి లొంగదు. ముందు మలం, మట్టి పూర్తిగా కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లు పోసి పది నిమిషాలు వదలాలి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి కుక్కపిల్లలుండే చోట మట్టినేల వద్దు. పనివాళ్లు పొద్దున్నే ముందుగా పిల్లల గది కడగాలి, జబ్బువాటి గది ఆఖర్న. చీపురు, బకెట్టు దేనివి దానికే. వాళ్లందరికీ ముందుగానే రేబిస్ టీకా వేయించు, కరిచాక ఆసుపత్రికి పరిగెత్తడం కాదు.

బేతంచెర్ల బండలు చౌకగా వస్తాయని నున్నటివి వేసేవు, కాళ్లు జారతాయి. గరుకుగా ఉన్నవి వేసి, సందులు సిమెంటుతో పూడ్పించి, కాలువ వైపు వాలు పెట్టించు. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే పక్కల నుంచి ఎండ తక్కువ కొడుతుంది. మే నెలలో మన కర్నూల్లో వట్టి రేకుల కింద కుక్కని కట్టేయడమంటే పెనం మీద పెట్టడమే. రేకుల పైన సున్నం కొట్టించి, చుట్టూ ఇప్పుడే వేపమొక్కలు నాటు. (ఆ ఎండకి, చలిదేశాల జాతి హస్కీ కుక్కలను కొని తెచ్చి, ఏడాదికి మీ గేటు దగ్గర వదిలేసి పోయేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు.)

స్థలం చౌకగా వస్తుందని హంద్రీ ఒడ్డున మాత్రం చూడకు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకొచ్చినప్పుడు మనుషులే మిద్దెలెక్కారు. కట్టేసి ఉన్న కుక్క యాడ ఎక్కుతుంది?

డబ్బు విషయం కటువుగానే చెప్పాలి. గోడ మీద రాయి వేసి పేరు చెక్కిస్తామంటే షెడ్డుకి ఇచ్చేవాళ్లు వరస కడతారు, కాంపౌండరు జీతానికి ఒక్కరూ ముందుకు రారు. అందుకని షెడ్డుకి ఇచ్చేవాళ్లతోనే ఏడాది తిండి, మందులు, జీతాలు కూడా ఒప్పించు. ఒప్పుకోకపోతే షెడ్డు చిన్నది చెయ్యి.

తల్లితో ఉన్న ఆరోగ్యమైన కుక్కపిల్లల్ని ఎవరో ఫోన్ చేశారని ఎత్తుకురావద్దు. అక్కడే ఉంచి, ఆ వీధివాళ్ల చేతనే తిండి పెట్టించు. పాలు మానాక తల్లికి ఆపరేషన్ చేయించు.

ప్లాను గీయించాక ఫోటో తీసి పంపు. నీళ్ల ట్యాంకు, మురుగు గుంత ఎక్కడొస్తాయో అందులో గుర్తు పెట్టించు. చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య