డీప్ హౌస్ కార్డ్‌లు సినిమా పాట కార్డ్‌ల్లా ఎందుకు వినిపిస్తాయి?

మీ ప్రశ్న చదివాక నాకు అర్థమైనది ఇది. సంగీతం తయారుచేసే ఎఫ్‌ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో 120 బీపీఎం (నిమిషానికి 120 దెబ్బల) వేగంతో ఎ మైనర్, ఎఫ్ మేజర్, సి మేజర్, జి మేజర్ కార్డ్‌లను (ఒకేసారి మోగే స్వరాల గుంపులను) వరసగా వాయించి, వాటికి ఒక ప్లక్ ప్రీసెట్, అంటే తీగ మీటినట్టు వినిపించే రెడీమేడ్ ధ్వని, పెట్టారు. డ్రమ్స్‌లో కిక్, హై-హ్యాట్ సరిగానే కుదిరాయి గానీ, వినేవాళ్లకు అది డీప్ హౌస్ అనే మెత్తని ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతంలా కాక ఏదో సినిమా పాటకు చేసిన డీజే మిక్స్‌లా అనిపిస్తోంది. అందుకని ఏ కార్డ్‌లు నేర్చుకోవాలి, ఏ సింథ్ (శబ్దాలను పుట్టించే వాయిద్యం లేదా సాఫ్ట్‌వేర్) కొనాలి అని రెండు ప్రశ్నలు వేశారు. నేనూ ఈ రెంటినీ విడివిడిగానే అడుగుతూ దాదాపు రెండేళ్లు తిప్పలు పడ్డాను. ఇప్పుడు నాకున్న అభిప్రాయం ఏమిటంటే, ఈ సంగీతంలో కార్డ్‌ను ఒకచోట రాసుకుని, దానికి ధ్వనిని ఇంకోచోట నుంచి తెచ్చి తొడగడం కుదరదు. శబ్దంలో ఎత్తైన భాగాన్ని కోసేసే ఫిల్టర్ ఎంతవరకు తెరుచుకుంటుందో తేలితే తప్ప ఏ స్వరాలు వినిపిస్తాయో తేలదు.

హైదరాబాద్ రాకముందు నేను కాకినాడ చుట్టుపక్కల పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఏడేళ్లు కీబోర్డ్ వాయించాను. ఎడమ చేత్తో మూలస్వరాన్ని గట్టిగా పట్టుకోవడం, గాయకుడు ఎటు వెళితే కార్డ్‌ను అటు తీసుకువెళ్లడం, చరణం నుంచి పల్లవికి తిరిగి వచ్చేటప్పుడు వినేవాళ్లకు ఇల్లు చేరినట్టు అనిపించేలా ముగించడం అక్కడ చేతికి పట్టిన అలవాట్లు. డీప్ హౌస్ చేయబోతే ఆ మూడూ అడ్డం వచ్చాయి. ఇక్కడ కార్డ్ ఎవరి వెంటా వెళ్లదు, ఇల్లు చేరాలన్న తొందర దానికి ఉండదు. ఒకే కార్డ్ ఎనిమిది బార్‌ల (నాలుగు దెబ్బల ఆవర్తనాల) పాటు నిలబడినా విసుగు పుట్టదు, ఎందుకంటే ఆ ఎనిమిది బార్‌లలోనూ దాని రంగు కొద్దికొద్దిగా మారుతూనే ఉంటుంది. 1980ల మధ్యలో షికాగోలో మిస్టర్ ఫింగర్స్ పేరుతో రికార్డులు చేసిన లారీ హెర్డ్‌ను ఈ శైలికి ఆద్యుడిగా చెప్పుకుంటారు; ఆయన అంతకుముందు డ్రమ్మర్. బహుశా అందుకేనేమో, ఆయన కార్డ్‌లు నాకు కీబోర్డ్ వాయిద్యంలా కాక, శ్రుతి చేసిన డ్రమ్‌లా వినిపిస్తాయి.

ముందు స్వరాల సంగతి చూద్దాం. మీ ఎ మైనర్‌లో ఎ, సి, ఇ ఉన్నాయి. దానికి జి కలిపితే మైనర్ సెవెన్త్, ఆ పైన బి కూడా కలిపితే మైనర్ నైన్త్ అవుతుంది. ఇంతవరకు ఏ వీడియో పాఠంలోనైనా చెబుతారు. ఆ ఐదింటిలో ఏవి తీసేయాలన్నది మాత్రం తక్కువమంది చెబుతారు. ఎ స్వరాన్ని కింద మోగే బేస్ ఎలాగూ వాయిస్తోంది కనుక కార్డ్‌లో దాన్ని మళ్లీ పెట్టనక్కర్లేదు. ఇ స్వరం కూడా దాదాపు అనవసరమే. ఏ స్వరంలోనైనా దానంతటదే మోగే హార్మోనిక్‌లలో మూడోది దాని పైస్థాయి పంచమం కాబట్టి, బేస్ అవేవీ లేని శుద్ధమైన సైన్ తరంగం కాకపోతే, 55 హెర్ట్జ్ వద్ద మోగే ఎ లోపలే 165 హెర్ట్జ్ వద్ద ఇ సన్నగా మోగుతూ ఉంటుంది. ఎవరూ మీటని గాంధారం తంబురాలో వినిపించడం గమనించినవాళ్లకు ఇది వింత కాదు. ఇక మిగిలేవి సి, జి, బి. ఈ మూడింటినీ మధ్యస్థాయి సి నుంచి పైకి, అంటే దాదాపు 260 హెర్ట్జ్ నుంచి 500 హెర్ట్జ్ లోపల పేర్చి, కింద ఎ బేస్ పెట్టి ఒకసారి వినండి. మీ పాత కార్డ్‌కు, దీనికి తేడా వెంటనే తెలుస్తుంది.

రెండో కార్డ్‌కు వెళ్లడానికి నాకు తెలిసిన దారులు రెండున్నాయి. మొదటిది, చేయి వీలైనంత తక్కువ కదిలే దారి. ఈసారి ఇ కూడా ఉంచి సి, ఇ, జి, బి వాయించండి. తర్వాత సి, ఇలను అలాగే ఉంచి, జిని ఎఫ్ షార్ప్‌కు, బిని ఎకు దించి, బేస్‌ను డికి మార్చండి. అది డి నైన్త్. రెండు వేళ్లు మాత్రమే కదిలాయి, అయినా గదిలో దీపం మార్చినట్టు ఉంటుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు కారణం సులువుగా అందుతుంది. ఎని షడ్జమం అనుకుంటే మీ పాత నాలుగు కార్డ్‌లూ నటభైరవి స్వరాల్లో ఉన్నాయి. శుద్ధ ధైవతం పోయి చతుశ్రుతి ధైవతం వచ్చేసరికి అది ఖరహరప్రియ అయింది. పాశ్చాత్యులు డోరియన్ అనే ఈ స్వరవరస డీప్ హౌస్‌లో అడుగడుగునా తగులుతుంది. దుఃఖం లేని మైనర్ కావాలంటే అది అక్కడే దొరుకుతుంది.

రెండో దారి నాకు ఇంకా ఇష్టం. 1986లో వచ్చిన అకాయ్ ఎస్900 వంటి 12-బిట్ శాంప్లర్లలో, వాయించిన ఒక కార్డ్‌ను మొత్తంగా రికార్డ్ చేసి, ఆ శబ్దాన్నే కీబోర్డ్ అంతటా పరిచి ఒక్క వేలితో వాయించవచ్చు. అలా వాయిస్తే కార్డ్ ఆకారం మారదు, ఉన్నది ఉన్నట్టుగా పైకో కిందికో జరుగుతుంది. ఎ మైనర్ నైన్త్‌ను మూడు సెమిటోన్లు (పక్కపక్క కీల మధ్య దూరాలు) పైకి జరిపితే సి మైనర్ నైన్త్ వస్తుంది. అందులోని ఇ ఫ్లాట్, బి ఫ్లాట్ రెండూ మొదటి స్వరవరసకు చెందినవి కావు. వర్ణాల దాకా నేర్చుకున్న నా చెవికి అవి అన్యస్వరాలుగా తోచి, మొదట్లో ప్రతి ట్రాక్‌లోనూ పియానో రోల్ (స్వరాలను గీతలుగా చూపే కిటికీ) తెరిచి వాటిని స్కేల్‌లోకి లాగేవాణ్ణి. లాగిన ప్రతిసారీ ట్రాక్ మళ్లీ పెళ్లి ఆర్కెస్ట్రా దగ్గరికే వెళ్లేది. నిజానికి ఇంతకుముందు ఇ ఉన్నచోటికి ఇ ఫ్లాట్ రావడమే డీప్ హౌస్‌లోని ఆ మసక రంగుకు కారణమని తెలియడానికి చాలాకాలం పట్టింది. ఆ పాత శాంప్లర్లలో ఇంకో గుణం కూడా ఉంది. పైకి జరిపిన కార్డ్ పొట్టిదై, కాస్త మెరుస్తుంది. కిందికి జరిపినది సాగి, మొద్దుబారుతుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో టైమ్-స్ట్రెచ్ (శ్రుతి మార్చినా నిడివి మారకుండా చూసే ఏర్పాటు) ఆపేస్తే అదే గుణం వస్తుంది.

ఇప్పుడు ధ్వనికి వద్దాం, ఎందుకంటే మీ ట్రాక్‌లో అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం. ఉచితంగా దొరికే వైటల్ సింథ్‌లో మూడు ఆసిలేటర్లు (శబ్దాన్ని పుట్టించే భాగాలు) ఉంటాయి. మూడింటికీ సా-టూత్ తరంగాన్నే పెట్టి, మొదటిదాన్ని 3, రెండోదాన్ని 10, మూడోదాన్ని 14 సెమిటోన్లు పైకి శ్రుతి చేయండి. మధ్యస్థాయి సికి కింద ఉన్న ఎ కీని ఒక్కదాన్నే నొక్కితే పైన చెప్పిన సి, జి, బి మూడూ మోగుతాయి. ఒకదాన్ని ఐదారు సెంట్లు (సెమిటోన్‌లో నూరో వంతులు) పైకి, ఇంకొకదాన్ని అంతే కిందికి జరపండి. మూడింటినీ ఒకే లో-పాస్ ఫిల్టర్‌లోకి (పైవాటిని కోసి కిందివాటిని వదిలే ఫిల్టర్‌లోకి) పంపండి, కోత వాలు ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ ఉండాలి. కటాఫ్‌ను, అంటే కోత మొదలయ్యే చోటును, 300 హెర్ట్జ్ దగ్గర దాదాపు మూసి ఉంచి, ఎన్వలప్ (దెబ్బ పడ్డాక కాలంతోపాటు విలువను మార్చేది) దాన్ని 1,500 హెర్ట్జ్ దాకా తెరిచేలా చూడండి. ఆ ఎన్వలప్‌కు అటాక్ (ఎక్కే సమయం) సున్నా, డికే (దిగే సమయం) 300 మిల్లీసెకన్లు, సస్టైన్ (నిలిచే స్థాయి) సున్నా, రిలీజ్ (కీ వదిలాక ఆరే సమయం) 200 మిల్లీసెకన్లు సరిపోతాయి. వాల్యూమ్ ఎన్వలప్ డికే అంతకు రెట్టింపు ఉండాలి, అటాక్ మాత్రం రెండు మూడు మిల్లీసెకన్లు పెట్టకపోతే ప్రతి దెబ్బకూ చిటుక్కుమంటుంది. రెజొనెన్స్ పది, పదిహేను శాతం దాటితే కటాఫ్ దగ్గరి శబ్దం మరీ పైకి వస్తుంది. అది వేరే శైలికి బాగుంటుంది.

ఈ ప్యాచ్‌లో (ధ్వని అమరికలో) ఒక దెబ్బ కొట్టి, దాని తోకను హెడ్‌ఫోన్లలో శ్రద్ధగా వినండి. ఫిల్టర్ 1,500 నుంచి 300 హెర్ట్జ్‌కు దిగుతున్నప్పుడు ముందు పైనున్న మెరుపు పోతుంది, తర్వాత 494 హెర్ట్జ్ దగ్గరున్న బి సన్నబడుతుంది, ఆ తర్వాత 392 దగ్గరున్న జి, చివరికి సి ఒక్కటే మిగిలి ఆరిపోతుంది. నైన్త్ కార్డ్‌గా పుట్టిన శబ్దం అర సెకను తిరిగేలోగా ఒంటి స్వరమైపోయింది. పియానో రోల్‌లో మీరు పెట్టింది ఒకే దెబ్బ, కానీ కార్డ్ లోపల కదలిక జరిగిపోయింది. మీ ప్లక్ ప్రీసెట్‌లో కటాఫ్ ఐదారు వేల హెర్ట్జ్ దగ్గర తెరిచే ఉంటుంది కాబట్టి స్వరాలన్నీ మొదటినుంచి చివరిదాకా సమానంగా, స్పష్టంగా వినిపిస్తాయి. అంత స్పష్టంగా వినిపించే కార్డ్‌ను చెవి వెంటనే పాటగా లెక్కిస్తుంది. ఒక్కో స్వరానికి ఒక్కో ఫిల్టర్ ఉండే మామూలు పాలీఫోనిక్ ప్యాచ్‌లో కీ-ట్రాకింగ్ పెంచి ఉంచితే, పై స్వరాలకు కటాఫ్ కూడా పైకి వెళ్లిపోయి ఈ గుణం చాలావరకు పోతుంది. అలాంటప్పుడు కీ-ట్రాకింగ్‌ను సున్నాకు దించండి.

లయ గురించి ఎక్కువ చెప్పను, కానీ ఒక్క ఉదాహరణ చాలు. బార్‌లోని పదహారు అక్షరాలను నాలుగు తకధిమిలుగా అనుకోండి. కిక్ ప్రతి 'త' మీద, ఓపెన్ హై-హ్యాట్ ప్రతి 'ధి' మీద పడతాయి. కార్డ్‌ను మొదటి తకధిమిలోని 'మి' మీద ఒకటి, మూడో తకధిమిలోని 'ధి' మీద ఒకటి పెట్టండి. మొదటి దెబ్బ ఖాళీలో ఒంటరిగా పడుతుంది, రెండోది హై-హ్యాట్‌తో కలిసి పడుతుంది. ఆ ఒక్క తేడాతోనే బార్ నడక మొదలవుతుంది. వెలాసిటీని (కీని ఎంత గట్టిగా కొట్టారన్న విలువను) ఫిల్టర్ ఎన్వలప్ మోతాదుకు కలిపి, ఒక దెబ్బను 100 దగ్గర, రెండోదాన్ని 70 దగ్గర ఉంచితే, గట్టిగా కొట్టినది తెరుచుకుంటుంది, మెల్లగా కొట్టినది మూసుకునే ఉంటుంది. స్వింగ్‌ను (సరి అక్షరాలను కాస్త ఆలస్యం చేయడాన్ని) 54, 57 శాతాల మధ్యే ఉంచండి, దాటితే కుంటుతుంది.

ఎఫెక్ట్‌లలో నేను మొదట పెట్టేది కోరస్, అంటే శబ్దానికి కొద్దిగా శ్రుతి చెదిరిన దాని నకలునే కలిపేది. లారీ హెర్డ్ వాడిన వాటిలో ఒకటైన రోలాండ్ జూనో-60 సింథ్‌లో ఒక్కో స్వరానికి ఒకే ఆసిలేటర్ ఉంటుంది, అదీ డిజిటల్ గడియారం నడిపేది కనుక శ్రుతి చెదరదు. అలాంటి పరికరం అంత వెచ్చగా వినిపించడానికి దానిలోని కోరస్ పెద్ద కారణం. టాల్ కోరస్-ఎల్‌ఎక్స్ అనే ఉచిత ప్లగిన్ దాన్ని బాగానే అనుకరిస్తుంది. తర్వాత డిలే (ప్రతిధ్వని): 120 బీపీఎం వద్ద చుక్క పెట్టిన ఎనిమిదో వంతు (మూడు అక్షరాలు) అంటే 375 మిల్లీసెకన్లు, ఫీడ్‌బ్యాక్ 30 శాతం. డిలే దారిలో 300 హెర్ట్జ్ కింద, 3,000 హెర్ట్జ్ పైన కోసేయాలి. కార్డ్ ఛానల్ మొత్తానికి 160 హెర్ట్జ్ దగ్గర దాని కిందివాటిని కోసే హై-పాస్ పెట్టండి, ఆ కింద ఉన్న చోటు బేస్‌ది. కిక్ పడినప్పుడు కార్డ్ కొద్దిగా అణిగేలా సైడ్‌చైన్ పెట్టవచ్చు గానీ, పైన చెప్పినట్టు దెబ్బలు కిక్‌ను తప్పించి పడితే దాని అవసరం పెద్దగా రాదు. ప్యాడ్‌లాంటి సాగే శబ్దాలకే అది కావాలి.

ఇక్కడే నేను ఒకసారి నవ్వులపాలయ్యాను. ఒక మిత్రుడి ఇంటి మేడ మీద జరిగిన చిన్న పార్టీలో నా ట్రాక్ వేశారు. ఇంట్లో హెడ్‌ఫోన్లలో అటు చెవి నుంచి ఇటు చెవి దాకా పరుచుకున్న కార్డ్, ఆ స్పీకర్లలో ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టు వినిపించింది. నేను ఏడాదిపాటు కష్టపడి చేసిన కార్డ్ లేకుండా కిక్, బేస్ మాత్రమే డబడబలాడాయి. తర్వాత తెలిసిందేమిటంటే, అక్కడి వైరింగ్ మోనో, అంటే కుడి ఎడమలు కలిసిపోయి ఒకటిగానే వస్తాయి. వెడల్పు కోసం నేను కోరస్ మీద ఇంకో స్టీరియో వైడెనర్ పెట్టడంతో కుడి ఎడమల తరంగాలు కలిసినప్పుడు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. అప్పటినుంచి కార్డ్ ప్యాచ్ చేస్తున్నంతసేపూ మాస్టర్‌ను (మొత్తం అవుట్‌పుట్‌ను) మోనోలోనే ఉంచి, కోరస్‌ను అందులోనే సరిచూసుకుని, చివర్లో స్టీరియోకు మారుస్తున్నాను. వైడెనర్ మళ్లీ తాకలేదు.

ఏ సింథ్ కొనాలన్న ప్రశ్నకు ప్రస్తుతానికి ఏదీ కొనవద్దనే అంటాను. పై ప్యాచ్‌కు కావలసినవన్నీ ఉచిత ప్లగిన్లలో ఉన్నాయి. కోర్గ్ ఎం1 ఆర్గాన్, యమహా డీఎక్స్7 ఎలక్ట్రిక్ పియానో వంటివి హౌస్‌లో బాగా వాడుకలో ఉన్న ధ్వనులే, కానీ వాటిని వినగానే ఎవరివో పాటలు గుర్తుకొస్తాయి కనుక మొదటి ట్రాక్‌లోనే వాటి జోలికి వెళ్లకపోతే మంచిది. ఇప్పుడు చేయవలసిందల్లా ఈ కార్డ్‌ను రెండు బార్‌ల పాటు వాయించి ఆడియోగా రికార్డ్ చేసి, ఎఫ్‌ఎల్ శాంప్లర్‌లోకి లాగి, ఎ, సి, జి కీల మీద ఒక్క వేలితో వాయించి చూడడం. ఇలా రికార్డ్ చేసిన ప్రతిసారీ కటాఫ్‌ను 300 నుంచి 500 హెర్ట్జ్ దాకా చేత్తో మారుస్తూ ఉంటే, శాంపిల్స్ ఒకదానికొకటి పోలవు. మొదటి నాలుగైదు ప్రయత్నాలు మరీ చీకటిగా వస్తే కంగారు పడి కటాఫ్ పెంచేయకండి. ముందు హై-హ్యాట్‌ను రెండు డెసిబెల్స్ తగ్గించి వినండి. నా ట్రాక్‌లలో సగానికి పైగా అక్కడే సర్దుకున్నాయి.