కంచె కన్నా ముందు బకెట్టు కొను

తల్లీ,

పొలం చుట్టూ ముళ్ళకంచె నువ్వే వేస్తున్నావని, సగం పని నీ చేతులతోనే చేస్తానంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో గర్వం దాగలేదు. నాకూ సంతోషమే. కానీ ఫోను పెట్టేశాక, నీకు చేతి తొడుగులు ఉన్నాయో లేదో అడగనే లేదని గుర్తొచ్చింది. ఉన్నాయా? నూలువి కాదు, తోలువి. కళ్ళద్దాలు కూడా కావాలి. బిగించిన తీగ తెగితే ఎటు కొడుతుందో చెప్పలేం. ట్రాక్టరుకు కట్టి లాగుదామని ఎవరైనా సలహా ఇస్తే వాళ్ళను పొలంలోకే రానివ్వకు. తీగ బిగించడానికి చేత్తో తిప్పే పుల్లర్ చాలు.

తాడు కట్టి వరస చూసుకోవడం, గుంతలు తవ్వడం నీకు తెలిసినవే. మూలల దగ్గర మాత్రం తొందరపడకు. కంచె లాగుడంతా వాటి మీదే. మూల స్తంభం 3.5 అడుగులైనా భూమిలో ఉండాలి. దానికి 8 అడుగుల దూరంలో ఇంకొకటి పాతి, రెండింటి పైభాగాలనూ అడ్డుకర్రతో కలుపు. తర్వాత మూల స్తంభం మొదలు నుంచి రెండోదాని తల వరకు ఏటవాలుగా తీగ చుట్టి మెలిపెట్టు. దీన్ని తిరగేసి వేసేవాళ్ళున్నారు. చూడటానికి బాగానే ఉంటుంది, పని మాత్రం చేయదు.

తీగలు పశువులుండే వైపున కట్టు. పశువులు మీదికి ఒరిగినా తీగ స్తంభానికే ఆనుతుంది. ఆవులకు నాలుగైదు వరుసలు చాలు. మేకలు ముళ్ళతీగకు ఆగవు, వాటికి వల కంచె కావాలి. ముళ్ళతీగకు కరెంటు పెట్టే ఆలోచన అసలే వద్దు. చిక్కుకున్న పశువు విడిపించుకోలేక షాకులు తింటూనే ఉంటుంది.

గేటు వెడల్పు 12 అడుగులకు తగ్గకూడదు. రోడ్డు అంచు నుంచి లోపలికి జరిపి పెట్టు, గేటు తీసేలోపు బండి రోడ్డు మీద ఆగకూడదు. గేటును మోసే మొలల్లో కిందిది పైకి చూడాలి, పైది కిందికి చూడాలి. రెండూ పైకే ఉంటే ఆవు తల దూర్చి ఎత్తిందంటే గేటు ఊడి వచ్చేస్తుంది. నవ్వకు, రోజంతా వాటికి వేరే పనేముంది?

వీటిలో ఏది తప్పినా మళ్ళీ సరిచేసుకోవచ్చు. సరిచేసుకోలేనిది ఒకటుంది. అది మీ నాన్న నీకు చెప్పి ఉండడు. నీ వయసులో వాడు తెగిన కంచెను ఒక్కడే బాగుచేశాడు. చక్కగా చేశాడు కూడా. కత్తిరించిన తీగ కొసల్ని మాత్రం గడ్డిలోనే వదిలేశాడు. వేలెడంత ముక్కలు, ఎవరు పట్టించుకుంటారు? ఆ గడ్డి కోసి చూడి ఆవుకు వేశారు. మేక పెదవులతో ఏరుకుని తింటుంది. ఆవు అలా కాదు, నాలుకతో చుట్టి సరిగా నమలకుండానే మింగేస్తుంది. మింగిన ఇనుము పొట్ట రెండో గదిలో చేరుతుంది. ఆ గదికి ముందే గుండె. కడుపులో దూడ పెరిగేకొద్దీ ఒత్తిడికి తీగముక్క ముందుకు గుచ్చుకుంటుంది.

మొదట మేత తగ్గింది. తర్వాత వీపు గూనిగా పెట్టి, ముందు మోచేతులు ఎడంగా చాపి నిలబడేది. పల్లంలోకి దింపితే మూలిగేది. చూడి భారమనుకున్నారు అందరూ. గంగడోలులో నీరు దిగాక వచ్చిన డాక్టరు, తీగ గుండెకు చేరింది, ఇక చేయగలిగింది లేదన్నాడు. ఆ సాయంత్రం మీ నాన్న కంచె వెంట మోకాళ్ళ మీద పాకుతూ ముక్కలు ఏరాడు. చీకటి పడినా ఇంటికి రాలేదు. నేను లాంతరు తీసుకెళ్ళి వాడి పక్కన కూర్చుని ఏరాను. ఒక్క మాట అనలేదు. నువ్వూ అడగకు, ఈ ఉత్తరం వాడికి చూపించకు.

అందుకే ముందు ఒక బకెట్టు కొను. కోసిన ముక్క అందులో పడ్డాకే రెండో కోత. పని ముగిసిన ప్రతి సాయంత్రం తాడుకు కట్టిన పెద్ద అయస్కాంతాన్ని కంచె పొడవునా ఈడ్చు. తీగకు పైన జింకు పూత ఉన్నా లోపలిది ఉక్కే, అంటుకుంటుంది. పశువైద్యుణ్ని అడిగితే ఆవు చేత చిన్న అయస్కాంతం మింగిస్తారు. అది ఆ రెండో గదిలోనే ఉండిపోయి ఇనుప ముక్కల్ని పట్టి ఉంచుతుంది. పనివాళ్ళు నీ బకెట్టును చూసి నవ్వుతారు. నవ్వనీ.

పుల్లర్ కొనకు, నాది పంపిస్తున్నాను. దాని పళ్ళకు నూనె వేసుకో. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావో గుర్తుందా? 10 ఏళ్ళు దాటితే మొదటి గుంత తవ్వక ముందే వేయించుకో. గుర్తు లేకపోతే మీ అమ్మను అడుగు, ఆమెకు తెలుస్తుంది.

మీ పెద్దనాన్న